ధాల్‌పూర్ మైదానంలో కుల్లూ దసరా

మన ఊళ్లలో దసరా సందడి విజయదశమితో ముగుస్తుంది. హిమాచల్‌ప్రదేశ్‌లోని కుల్లూలో అదే రోజున మొదలై ఏడు రోజులు సాగుతుంది. నవరాత్రులు ఇంటి దగ్గరే గడిపి తీరికగా బయలుదేరినా చివరి రోజుల ఉత్సవం దక్కుతుంది కానీ, నా మట్టుకు మొదటి రోజు రథయాత్ర చూడని కుల్లూ ప్రయాణం సగమే అనిపిస్తుంది. 17వ శతాబ్దంలో రాజా జగత్‌సింగ్ అయోధ్య నుంచి తెప్పించి, తన రాజ్యాన్నే అప్పగించాడని చెప్పే రఘునాథస్వామిని కుల్లూలోనే ఉన్న సుల్తాన్‌పూర్ ఆలయం నుంచి ధాల్‌పూర్ మైదానానికి తెచ్చి, కొయ్యరథంలో కూర్చోబెట్టి, భక్తులు తాళ్లతో లాగుతారు. మనాలి నుంచి హిడింబాదేవి వస్తే గానీ ఈ వేడుక మొదలు కాదు. మనకు భారతకథలో భీముని భార్యగా మాత్రమే తెలిసిన హిడింబిని కుల్లూ రాజవంశం వారు తమ నాయనమ్మగా గౌరవించడం నన్ను ఆశ్చర్యపరిచింది. రావణుని బొమ్మను తగలబెట్టే ఆచారం ఇక్కడ లేదు.

బసను బట్టే ఈ యాత్ర బాగోగులు తేలుతాయి. దాదాపు 40 కిలోమీటర్ల దూరంలోని మనాలిలో హోటళ్లకు కొదవ లేదు, అయితే ఉత్సవాల రోజుల్లో రోడ్డు మీద వాహనాల బారులో చిక్కుకుంటే ఉదయపు పూజలు చేజారిపోతాయి. కుల్లూ, మనాలిల మధ్య ఉన్న నగ్గర్‌లోని పాత రాతికోటను పర్యాటక శాఖ వారు హోటల్‌గా నడుపుతున్నారు. ప్రశాంతత కోరేవారికి, రష్యన్ చిత్రకారుడు నికోలస్ రోరిక్ చిత్రశాల చూడాలనుకునేవారికి అది తగిన చోటు. మేళా కోసమే వెళ్లేవారు మాత్రం గది ఇరుకైనా, డబ్బు కాస్త ఎక్కువైనా ధాల్‌పూర్‌కు నడిచి వెళ్లగల దూరంలోనే దిగాలి. మేము దిగిన చోట రాత్రి పది దాటితే వేడినీళ్లు రాలేదు, అడిగితే పండుగ రద్దీ అన్నారు. అక్టోబరు చలిలో అది చిన్న లోటేమీ కాదు. అయినా తెల్లవారగానే మైదానంలో అడుగుపెట్టగలిగిన సౌలభ్యం ముందు దాన్ని సరిపెట్టుకున్నాము.

అసలు చూడవలసింది ఆ ఉదయాలే. లోయలోని ఊళ్ల నుంచి వచ్చిన దేవతలు ఎవరి గుడారంలో వారు కొలువై ఉంటారు, వారితో వచ్చిన ఊరివాళ్లు పక్కనే పడుకుని, అక్కడే వండుకుంటారు. లోహపు ముఖాలు వరుసగా అమర్చి, రంగు వస్త్రాలు, పూలదండలు చుట్టిన పల్లకీని భుజాలకెత్తుకోగానే అది ఒక పక్కకు ఒరిగి, మళ్లీ నిలదొక్కుకుని ఊగుతుంది. మోసేవారు మేము ఊపడం లేదు, దేవతే కదులుతోందని అంటారు. ఇద్దరు దేవతలు ఎదురుపడితే పల్లకీలు ముందుకు వంగి పలకరించుకుంటాయి. ఆ క్షణంలో నర్సింగా, కర్నాల్ బూరలు ఒక్కసారిగా మోగితే గుండె అదురుతుంది. ఫొటో తీసే ముందు అక్కడి పెద్దలను అడగడం మర్యాద, అడిగితే ఎవరూ కాదనలేదు.

సాయంత్రాలు లాల్‌చంద్ ప్రార్థీ కళాకేంద్రంలో జరిగే కార్యక్రమాలకు జనం కిక్కిరిసి ఉంటారు. ‘నాటి’ అనే ఇక్కడి జానపద నృత్యం కోసమైతే వెళ్లవచ్చు గానీ, సినిమా పాటల హోరు వినడానికి ఇంత దూరం రానక్కరలేదు. అంగళ్లలో చేనేత శాలువలతో పాటు మరమగ్గాలవీ కలిపి అమ్ముతారు కనుక, బేరం రానివారు భుట్టికో అనే నేతకారుల సహకార సంఘం దుకాణంలో కొనుక్కోవడం సుఖం. మరుగుదొడ్ల పరిస్థితి మాత్రం జనానికి సరిపడా లేదు, వృద్ధులతో వెళ్లేవారు దీన్ని గుర్తుంచుకోవాలి.

చివరి రోజున బియాస్ నది ఒడ్డున ముళ్లపొదలకు నిప్పుపెట్టి లంకాదహనం జరుపుతారు. ఆ వెంటనే దేవతలూ జనమూ ఒక్కసారిగా తిరుగుముఖం పట్టడంతో బస్సుల్లో సీటు దొరకడం కష్టమవుతుంది. తిరుగు టికెట్టు మర్నాటికి తీసుకోవడమే మంచిది.