సుయాకి ఏది మేలు: కులికులా, పల్లీ పొడా, పీనట్ బటరా?

పల్చటి మాంసం ముక్కలకు మసాలా పట్టించి, పుల్లలకు గుచ్చి నిప్పు మీద కాల్చే ఉత్తర నైజీరియా హౌసా వాళ్ళ వంటకం సుయా. అది ఇంట్లో కుదరకపోతే చాలామంది నిప్పునో కారాన్నో తప్పుపడతారు. అసలు చిక్కు పల్లీల దగ్గరుంది. మాంసానికి పట్టించే మసాలా పొడిని యాజి అంటారు. అందులో ఎక్కువ భాగం వేరుశెనగే. దానిలో నూనె ఎంత మిగిలిందన్నదాన్ని బట్టే ముక్క మీద పొర నిలుస్తుందా, మాడి రాలుతుందా అన్నది తేలుతుంది.

అక్కడి వాళ్ళు వాడేది కులికులి. వేయించిన పల్లీలను ముద్దగా నూరి, నూనె పిండేసి, మిగిలిన పిప్పిని ఉండలుగానో కడ్డీలుగానో చేసి, అదే నూనెలో గట్టిపడేదాకా వేయిస్తారు. దంచితే పొడిపొడిగా రాలుతుంది. రుచిలోనూ, ముక్కకు పట్టడంలోనూ దీన్ని మించింది లేదు. హ్యూస్టన్‌లోనో లండన్‌లోనో ఉన్నవాళ్ళు ఆఫ్రికన్ కిరాణా కొట్లలో అడగండి. మన దగ్గర పశువుల దాణాకి అమ్మే వేరుశెనగ చెక్క చూడ్డానికి దగ్గరగానే ఉన్నా, ముట్టుకోవద్దు. దాంట్లో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉండే ప్రమాదముంది.

కులికులి లేకపోతే ఇంటి పల్లీ పొడే రెండో దారి. పల్లీలో దాదాపు సగం నూనే, అందుకే మిక్సీ ఆపకుండా తిప్పితే వేడెక్కి ముద్దవుతుంది. 150 గ్రాములు సన్న సెగ మీద వేయించి, పూర్తిగా చల్లార్చి, పొట్టు తీసి, ఒక్కోసారి రెండు సెకన్ల చొప్పున ఆపి ఆపి తిప్పండి. పొడిని బట్టలో మూటగట్టి రోలు బరువు పెట్టి అరగంట వదిలేయండి. బట్ట మార్చి ఇంకోసారి నొక్కి, జల్లించండి. పిడికిట్లో నొక్కి వదిలితే పొడి విడిపోవాలి. ఉండ కట్టిందంటే నూనె ఇంకా ఉన్నట్టే.

పీనట్ బటర్ మాత్రం వద్దు. నూనె బొగ్గుల మీదికి కారి మంట లేస్తుంది. చాలా సీసాల్లో చక్కెర కూడా ఉంటుంది, అది మాంసం ఉడికేలోపే నల్లబడి చేదెక్కుతుంది.

100 గ్రాముల పొడికి ఒక పెద్ద చెంచా ఎండు కారం, రెండు చిన్న చెంచాల శొంఠి పొడి, ఒక్కో చెంచా ఉల్లి, వెల్లుల్లి పొడులు, నలిపిన మ్యాగీ క్యూబ్ (సూపుల్లో వేసే రుచి బిళ్ళ) ఒకటి, అర చెంచా ఉప్పు. క్యూబ్‌లోనే ఉప్పుంటుంది కాబట్టి ఇంతకు మించొద్దు. అల్లం వెల్లుల్లి పేస్టు అలవాటుగా వేసేస్తారు, దాని తడికి పొడంతా బురదవుతుంది.

మాంసం అరకిలో, కొవ్వు తక్కువున్న బీఫ్ లేదా మేక తొడ. 40 నిమిషాలు ఫ్రీజర్‌లో పెడితే పీచుకు అడ్డంగా 3, 4 మిల్లీమీటర్ల మందాన కోయడం తేలిక. తడి తుడిచి, పల్లీనూనె ఒక చెంచా రాసి, యాజిని అరచేత్తో అద్ది నొక్కాలి. అరగంట నానిన వెదురు పుల్లలకు ముక్కల్ని పరుచుకునేలా గుచ్చండి. ముద్దలా దగ్గరికి జరిగితే లోపల ఉడకదు.

నిప్పు విషయానికొస్తే బొగ్గులే మేలు. బూడిద కమ్మాక నాలుగు అంగుళాల ఎత్తున పక్కకు మూడేసి నిమిషాలు. ఒవెన్ ఉంటే పై కాయిల్ గ్రిల్ మీద నాలుగేసి నిమిషాలు కాలిస్తే పొగ వాసన లేదన్న లోటు తప్ప బాగానే వస్తుంది. పెనం వేరే దారి లేనప్పుడే: యాజి పెనానికి అంటుకుని, ముక్క నీరొదిలి ఉడికిపోతుంది. ఎందులో కాల్చినా మధ్యలో ఒకసారి నూనె రాయాలి, లేకపోతే పొర పిండి పిండిగా ఉండిపోతుంది. కొసలు నల్లబడి, మధ్యలో ఎర్రమట్టి రంగు పొర గరుకుగా, అక్కడక్కడా నూనె బుడగలతో కనిపిస్తే దించేయొచ్చు.

దించాక తాజా యాజి చల్లి, పచ్చి ఉల్లి, టమాటాతో పెడతారు. ఆ చల్లే పొడిని మాంసానికి పట్టించే ముందే మూడో వంతు తీసి పక్కన పెట్టుకోండి. పచ్చి మాంసం తగిలిన పళ్ళెంలో మిగిలింది పైన చల్లకూడదు.