సింట్రా జెండాకి ఒక బురుజు ఎక్కువైంది: లిస్బన్‌లో కొన్న ఊరి జెండాల రివ్యూ

పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో, బైషా అనే పేట వీధుల్లో తిరుగుతూ ఒక చిన్న జెండాల షాపులో దూరాను. షాపు పేరు రాయడం లేదు, కింద కాస్త తిట్టేది ఉంది కాబట్టి. ఫుట్‌బాల్ మఫ్లర్ల మధ్య, టేబుల్ మీద పెట్టుకునే బుల్లి మున్సిపాలిటీ జెండాలు కనిపించాయి. ఒక్కోటి 6 యూరోలు, చెక్క స్టాండుకి విడిగా 4. లిస్బన్, ఎవొరా, కోయింబ్రా, సింట్రా, నాలుగూ తీసుకున్నాను.

లిస్బన్ జెండా మాత్రం అదిరింది. నలుపు తెలుపుల్లో, మధ్య నుంచి అంచులకు ఎనిమిది ముక్కలుగా ఉంటుంది, కేకు కోసినట్టు. ఈ ఎనిమిది ముక్కల పద్ధతి నగరం హోదా ఉన్న ఊళ్లదే. మధ్యలో డాలు, డాలు మీద ఓడ, ఓడకి అటొకటి ఇటొకటి రెండు కాకులు. రాజధాని చిహ్నంలో కాకులేంటని మొదట నవ్వొచ్చింది గానీ, 1173లో సెయింట్ విన్సెంట్ అస్థికల్ని ఓడలో లిస్బన్‌కి తెస్తుంటే కాకులు దారంతా కాపలాగా వచ్చాయని కథ ఉంది. అంత చిన్న గుడ్డ మీద కూడా కాకి ముక్కులు విడిగా కనిపిస్తున్నాయంటే ప్రింటు చేసినవాళ్లని మెచ్చుకోవాల్సిందే.

ఎవొరా కూడా బాగుంది, కాకపోతే ఇంటికొచ్చిన పిల్లలు అడిగితే ఏం చెప్పాలో తెలియని జెండా అది. గుర్రమెక్కి కత్తి దూసినవాడు జెరాల్డు, భయమెరుగనివాడని పేరు, 1165లో మూర్ల, అంటే అప్పట్లో అక్కడ ఏలుతున్న ముస్లింల, చేతుల్లోంచి ఆ ఊరిని పట్టుకున్నాడు. గుర్రం కింద తెగిపడిన రెండు తలలు! ఊదా, పసుపు రంగుల కోయింబ్రా దగ్గర కాస్త చెడింది. ఊదా గులాబీ వైపు జారిపోయింది, పానపాత్రలోంచి లేస్తున్న కిరీటం అమ్మాయికి ఒక పక్క సింహం సింహంలాగే ఉంది గానీ ఇంకో పక్క డ్రాగన్ బల్లిలా తయారైంది. 6 యూరోలకి సర్దుకున్నాను.

సర్దుకోలేనిది సింట్రా. పోర్చుగల్‌లో డాలు పైన కోటగోడలాంటి కిరీటం ఉంటుంది, దాని బురుజులు చూస్తే ఊరి హోదా తెలిసిపోతుంది. నగరానికి ఐదు, విలాకి, అంటే నగరం హోదా లేని పట్టణానికి, నాలుగు, పల్లెల్లోని ఫ్రెగెజియాకి, అంటే మున్సిపాలిటీ కింద ఉండే చిన్న పాలనా విభాగానికి, మూడు. రంగు వెండి, రాజధానికి మాత్రం బంగారం. ఇదేమీ అలవాటుగా వచ్చింది కాదు, 1991లో వచ్చిన 53/91 చట్టంలో రాసి ఉంది. సింట్రా మున్సిపాలిటీ జనాభా 3.8 లక్షలకు పైనే అయినా ఊరు ఇప్పటికీ విలాయే, పక్కనున్న కష్కాయిష్ కూడా అంతే, నగరం అనిపించుకోవాలని వాళ్లకి పెద్దగా పట్టింపు లేదు. అలాంటి ఊరికి వీళ్లు ఐదు బురుజులు పెట్టి అమ్ముతున్నారు. హోటల్‌కి వచ్చి స్టాండుకి తగిలించి చూస్తే ఒకటి, రెండు, మూడు, నాలుగు... ఐదు.

మర్నాడు వెనక్కి తీసుకెళ్లాను. కౌంటర్లో ఉన్న కుర్రాడు జెండాని వెలుతురుకి పెట్టి చూసి, ఒక్క బురుజే కదా అన్నాడు. బుట్టలోంచి ఇంకోటి తీశాడు, దానికీ ఐదే. మొత్తం స్టాకంతా ఒకే డిజైన్ ఫైలు నుంచి కొట్టించినట్టున్నారు. పది నిమిషాలు వాదించాక డబ్బులు తిరిగిచ్చాడు, అది కూడా మొహం మాడ్చుకుని.

ఇంతా అయ్యాక నేను మళ్లీ అక్కడే డబ్బు ఖర్చుపెట్టాను, అది నా బలహీనత. కింద డ్రాయర్లో పాత ఫ్రెగెజియా జెండాలు 3 యూరోలకే పడున్నాయి. 2013లో దేశంలో చాలాచోట్ల ఫ్రెగెజియాల్ని కలిపేశారు, నాలుగు వేల పైచిలుకు ఉన్నవి కాస్తా మూడు వేల పైచిలుకు అయ్యాయి, లిస్బన్‌లో 53 ఉండేవి 24 అయ్యాయి. ఆ షాపున్న బైషా ఇప్పుడు సాంతా మరియా మాయోర్‌లోకి వస్తుంది, అదొక్కటే 12 పాత ఫ్రెగెజియాలు కలిసి ఏర్పడింది. అంటే ఆ డ్రాయర్లో ఉన్నవి ఇప్పుడు ఏ ఆఫీసు మీదా ఎగరని జెండాలు. నాలుగు కొన్నాను. ఈసారి కౌంటర్ దగ్గరే ఒక్కో బురుజూ వేలు పెట్టి లెక్కపెట్టాను, కుర్రాడు నా వేలునే చూస్తూ నించున్నాడు.

గుడ్డకీ కుట్టుకీ నాలుగు స్టార్లు. సింట్రాకి సున్నా.