సర్వో స్టెబిలైజర్‌తో నాలుగేళ్లు, మధ్యలో ఒక బల్లి

మా ఇల్లు పర్లాకిమిడిలో, పాతపట్నం వైపు వెళ్లే రోడ్డు పక్క వీధిలో. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే మాది ఆఖరి స్తంభం. రావాల్సింది 230 వోల్టులు, సాయంత్రం ఏడైతే వచ్చేది 185, 190. రాత్రి పదకొండు దాటితే ఒక్కోసారి 245. కాబట్టి నేను రాసేదంతా ఆఖరి స్తంభం వాడి గోడని గుర్తుపెట్టుకుని చదవండి.

లోపలికి ఎంత వోల్టేజి వచ్చినా బయటికి 230 ఇచ్చే ఈ సర్వో డబ్బా కొన్నది ఒకే ఒక్క కారణానికి. ‘టక్’ పడలేక. అంతకుముందు ఫ్రిజ్‌కి పెట్టే మామూలు రిలే స్టెబిలైజర్‌కే పాటలు వినే ఆంప్లిఫయర్ తగిలించాను. అది వోల్టేజిని మెట్లు మెట్లుగా పెంచుతుంది. మెట్టు మారినప్పుడల్లా లోపల రిలే అనే చిన్న స్విచ్ టక్కుమంటుంది, లిప్తపాటు కరెంటు తెగి కలుస్తుంది, స్పీకర్లోంచి ‘డబ్’. వీణ మంద్రంలో మెల్లగా దిగుతుంటుంది, వెనక ఎవరో తలుపు కొట్టినట్టు టక్. వీధిలో ఎవరు గ్రైండర్ వేసినా నాకు తెలిసిపోయేది.

సర్వోలో మెట్లుండవు. గుండ్రటి రాగి చుట్ట మీద బొగ్గు బ్రష్ ఒకటి జారుతూ ఉంటుంది, దాన్ని అటూ ఇటూ తిప్పడానికో చిన్న మోటారు. కరెంటు తెగదు. చెవి దగ్గర పెడితే ‘జూ...’ అని సన్నగా వినిపిస్తుంది, అంతే. మొదటి రాత్రి రెండున్నర గంటలు కూర్చుని విన్నాను. ఒక్క టక్ లేదు. నాలుగేళ్ల తర్వాత కూడా ఆ సంతోషం తగ్గలేదు.

ఇంకో మార్పు నేను అనుకోనిది. నాది పాతకాలపు లీనియర్ సప్లై ఆంప్లిఫయర్, అంటే గోడ నుంచి వచ్చే వోల్టేజి తగ్గితే లోపలి వోల్టేజీ తగ్గిపోయే రకం. అలాంటి వాటిలో 230 బదులు 190 వస్తే గరిష్ఠ శక్తి దాదాపు మూడో వంతు పడిపోతుంది. మా వైపు తప్పెటగుళ్ల రికార్డింగు ఒకటి ఉంది నా దగ్గర. సర్వో రాకముందు సాయంత్రం సౌండు పెంచితే దెబ్బ చితికినట్టు వినిపించేది. స్పీకర్లదే తప్పనుకుని, పాపం, వాటిని అమ్మేయబోయాను కూడా.

కొన్న కొత్తలో ‘హమ్ కూడా పోయింది’ అని కనిపించిన వాళ్లందరికీ చెప్పాను. ఆ మాట కొంచెం సర్దుకోవాలి. అదే వారంలో టీవీ నుంచి ఆంప్లిఫయర్‌కి వచ్చే వైరు పీకేశాను. మొన్న దాన్ని మళ్లీ పెడితే ‘మ్‌మ్’ అంటూ హమ్ వచ్చి కూర్చుంది. అది డిష్ కేబులూ ఇంటి ఎర్తూ కలిసి చేసే గ్రౌండ్ లూప్ గోల. దానికీ సర్వోకీ సంబంధమే లేదు.

ఇక అసలు సంగతి. రెండో ఏడు వానాకాలం. ఏడున్నరకి వింటూ కూర్చున్నాను, లోపలికి 188 వస్తోంది, బయటికి 230 ఇస్తోంది. అంటే 22 శాతం దాకా ఎక్కిస్తోందన్నమాట. భోజనం చేసి వచ్చి మళ్లీ కూర్చున్నాను. పదిన్నర దాటింది. బజారులో దుకాణాలు మూసేసి ఉంటారు, లైన్లో వోల్టేజి లేచింది. ఆంప్లిఫయర్ లోపల ట్రాన్స్‌ఫార్మర్ తుమ్మెదలా రొద మొదలెట్టింది. ఇదేమిటని మీటరు వైపు చూస్తే లోపలికి 232. బయటికి 283!

స్విచ్ కట్టేసేసరికే కాలిన వాసన. లోపలికి 232 వస్తున్నా బ్రష్ మాత్రం 188 దగ్గర ఉన్నచోటే ఆగిపోయింది. మర్నాడు పాతపట్నం నుంచి మెకానిక్ మావయ్యని పిలిపించాను. మూత విప్పి, టార్చి వేసి, కాసేపు ఏమీ మాట్లాడలేదు.

“ఏటి బాబూ, దీన్లో బల్లిని పెంచుతున్నారేటి?”

బ్రష్ చెయ్యికీ ఫ్రేముకీ మధ్య ఇరుక్కుని ఎండిపోయి ఉంది. వెచ్చగా ఉంటుందని దూరినట్టుంది. బల్లి తల మీద పడితే ఏ ఫలితం, భుజం మీద పడితే ఏ ఫలితం అని పంచాంగంలో పెద్ద పట్టికే ఉంటుంది. స్టెబిలైజర్‌లో పడితే ఏమవుతుందో అందులో లేదు. శాంతి చేయించాలేమో అంది అమ్మ గుమ్మంలోంచి.

“శాంతి తర్వాత చేయించుకోవచ్చు అమ్మగోరూ, ముందు జాలీ కొట్టించండి.”

ఆంప్లిఫయర్‌లో ఉన్న రెండు ఫిల్టర్ కెపాసిటర్లలో ఒకటి పైకి ఉబ్బింది. రెండూ మార్పించాను. తప్పు సగం నాదే. వోల్టేజి హద్దు దాటితే కరెంటు ఆపేసే కటాఫ్ ఉన్న మోడల్ పక్కనే ఉంటే, డబ్బు మిగులుతుందని అది లేనిది తెచ్చుకున్నాను. తర్వాత కటాఫ్ విడిగా కొని పెట్టించాను, గాలి కన్నాలకి సన్నటి జాలీ కొట్టించాను. బ్రష్ అరిగిపోతే మూడో ఏట మార్చాను. రిలే స్టెబిలైజర్‌కి ఇన్ని సేవలు అక్కర్లేదు, అది టక్కుమంటూనైనా బతికేస్తుంది.

పక్కింటి బోరు మోటారు స్టార్టయినప్పుడు వచ్చే కుదుపుని ఇది పట్టుకోలేదు. బ్రష్ కదిలేలోపే కుదుపు వచ్చి పోతుంది. నా ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌ది, అది ఇచ్చే కరెంటు లైను కరెంటులా నున్నగా ఉండదు, అందుకే కరెంటు పోతే పాటలు ఆపేస్తాను.

నిజం చెప్పాలంటే, దీనికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేసింది కొత్త ఎర్త్ గుంట. బొగ్గు, ఉప్పు, ఎనిమిదడుగుల జీఐ పైపు. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజి ఎంత తక్కువుంటే అంత మంచిది; అక్కడ 11 వోల్టులు చూపించే మీటరు ఇప్పుడు రెండులోపే ఆగుతోంది. తడి ఆరకుండా బియ్యం కడిగిన నీళ్లు అమ్మ రోజూ ఆ గుంటలోనే పోస్తుంది.

మళ్లీ కొంటానా? ఈ ఇంట్లోనే ఉంటే, కటాఫ్ ఉన్నది, కొంటాను. మీ ఇల్లు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరుండి, సాయంత్రం కూడా 220 తగ్గకపోతే ఈ డబ్బు మిగుల్చుకోండి. నాకైతే ఆ టక్ వినకుండా ఉండటానికి ఇంత ఖర్చూ సబబే. మీకు ఆ టక్ పట్టకపోవచ్చు, మా ఆవిడకి ఇప్పటికీ పట్టదు.

మొన్న ఆదివారం దుమ్ము దులుపుదామని డబ్బా ముందుకి లాగాను. వెనకవైపు, జాలీకి ఆనుకుని, రెండు తెల్లటి బల్లి గుడ్లు.