వట్టివేళ్ళ తెర, వేళ్ళ కట్ట, ఒక పిలక: ఈ వేసవిలో కొన్న మూడింటి గురించి

ఏప్రిల్ మొదటి వారంలో కర్నూలులోని ఒక మూలికల దుకాణంలో వట్టివేళ్ళకు సంబంధించిన మూడు వస్తువులు కొన్నాను. పడమటి కిటికీకి కట్టుకోవడానికి నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న తెర 1,600 రూపాయలు. మంచినీళ్ళ కుండలో వేసుకోవడానికి 100 గ్రాముల వేళ్ళ కట్ట. పెరట్లో నాటుకోవడానికి సంచిలో పెంచిన పిలక ఒకటి. మూడూ ఒకే గడ్డి నుంచి రావలసినవే అయినా, నా చేతికి వచ్చిన వాటి నాణ్యత మాత్రం ఒక్కటిగా లేదు. ఆ తేడా ఎక్కడిదో తెలియాలంటే ముందుగా ఆ గడ్డి గురించి కొంత తెలియాలి. డిగ్రీ విద్యార్థులకు చాలా ఏళ్ళు వృక్షశాస్త్రం బోధించినవాణ్ణి కాబట్టి ఆ భాగం కొంచెం ఎక్కువగానే రాస్తున్నాను.

వట్టివేరు వరికీ, జొన్నకూ, చెరకుకూ చుట్టమైన పోయేసీ కుటుంబపు మొక్క. నదుల ఒడ్డునా, తేమ నిలిచే పల్లపు నేలల్లోనూ తనంతట తాను పెరిగే బహువార్షికం. గరికలాగా నేల మీద పాకదు, తుంగలాగా నేల లోపల దుంపలు పెట్టుకుంటూ పోదు. ఉన్న చోటనే పిలక పక్కన పిలక వేసుకుంటూ బిగుతైన దుబ్బు కడుతుంది. పిలకల మొదళ్ళలో ఆకు తొడుగులు ఒకదానిపై ఒకటి నొక్కుకుని ఉంటాయి, ఆకులు సన్నగా, పొడవుగా, బిరుసుగా ఉంటాయి. దుబ్బు మనిషి భుజం ఎత్తుకు, పూత కాలంలో అంతకన్నా ఎత్తుకు లేస్తుంది. కంకిలో కొమ్మలు వలయాలుగా అమరి, ఊదారంగు తిరిగిన చిరుకంకులు జంటలుగా కనిపిస్తాయి. ప్రతి జంటలో కాడ లేనిది ద్విలింగం, కాడ ఉన్నది పురుషపుష్పాలను మోసేది. పైన ఇంత ఉన్నా, ఈ మొక్క తన శక్తినంతా పెట్టేది నేల లోపలనే. పీచు వేళ్ళు పక్కలకు పెద్దగా పోకుండా నిట్టనిలువుగా రెండు మూడు మీటర్ల లోతుకు, అనుకూలమైన నేలలో ఇంకా లోతుకు దిగుతాయి. దుబ్బు మొదలు మట్టిలోనే ఉండడం వల్ల పశువులు మేసినా, మంట అంటుకున్నా మళ్ళీ చిగురిస్తుంది. వరద ఒండ్రు తెచ్చి మొదలును కప్పేస్తే, కప్పుకుపోయిన కణుపుల నుంచే కొత్త వేళ్ళు పుట్టించుకుంటుంది. పొలం గట్లు కోసుకుపోకుండా ఈ గడ్డిని వరుసగా నాటడం వెనక ఉన్న కారణం ఇదే.

ఇక తెర విషయానికి వస్తాను. మూడింటిలో ఇది నిస్సందేహంగా మంచి వస్తువు. వేళ్ళు ముదురు గోధుమ ఎరుపులో, అల్లికకు సరిపడా మందంగా ఉన్నాయి. వెదురు బద్దల మధ్య కుట్టు దగ్గరగా ఉంది. వట్టివేరు సువాసన ఉండేది వేరు పైపొరలో కాదు, దాని కింద ఉండే వల్కలమనే భాగంలో, ఆ భాగపు చివరి లోపొర అయిన అంతశ్చర్మాన్ని ఆనుకుని ఉన్న కణాలలో. ఆ తైలంలో అధికభాగం పదిహేను కార్బన్ల బరువైన అణువులు కాబట్టి అది కర్పూరంలాగా ఎగిరిపోదు, తడిపిన ప్రతిసారీ కొద్దికొద్దిగా వదులుతుంది. లేత వేళ్ళలో ఈ నూనె తక్కువ. నాటిన పదిహేను, పద్దెనిమిది నెలలకు తవ్వితేనే వేరుకు బరువూ, తైలానికి గాఢతా వస్తాయి. నా తెరను ఆరు వారాలుగా రోజుకు మూడు సార్లు తడుపుతున్నాను. మధ్యాహ్నం గాలి తోలినప్పుడు ఆ వాసన గది అంతా ఇప్పటికీ నిండుతోంది. ముదురు వేళ్ళతో అల్లారని నమ్మడానికి నాకు ఆ ఒక్కటి చాలు.

చల్లదనం సంగతి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడి కావాలి. ఆ వేడిని తెర గుండా లోపలికి వచ్చే గాలి నుంచే నీరు తీసుకుంటుంది. గాలి పొడిగా ఉన్న మా కర్నూలులో గది ఉష్ణోగ్రత 37 డిగ్రీల నుంచి 33కు దిగడం గోడకు తగిలించిన ఉష్ణమాపకంలో చాలా రోజులు చూశాను. గాలి ఆగిన రోజున ఆ తేడా ఒక డిగ్రీకి మించలేదు. అందుకే గాలిలో ముందే తేమ నిండి ఉండే కాకినాడలోనో, మచిలీపట్నంలోనో ఉన్న బంధువులకు, వాసన కోసమైతే తప్ప, ఈ తెర కొనమని నేను చెప్పను. బోరు నీళ్ళు పోస్తే వేళ్ళ మీద తెల్లటి ఉప్పు పేరుకుంటుంది కాబట్టి మేము కుళాయి నీళ్ళే వాడుతున్నాం, రాత్రి పూట పూర్తిగా ఆరనిస్తున్నాం.

వేళ్ళ కట్ట మాత్రం నిరాశ కలిగించింది. అందులో సగానికి పైగా పాలిపోయిన సన్నని వేళ్ళు. విరిస్తే పుటుక్కున విరిగాయి, అరచేతిలో నలిపితే ఎండుగడ్డి వాసన తప్ప మరేమీ రాలేదు. రాత్రంతా నానబెట్టినా కుండ నీటికి వట్టివేరు రుచి పట్టలేదు. లేతగా తవ్వినవో, నూనె తీసేసినవో, వేరే గడ్డి వేళ్ళు కలిసినవో చెప్పలేను. నూనె తీసిన వేళ్ళతో చాపలూ బుట్టలూ అల్లడం తప్పు కాదు, కానీ తాగే నీటి కోసం అమ్మే కట్టలో వాసన లేని వేళ్ళు ఉండకూడదు. కొనేవారు కట్ట విప్పించి, నాలుగు వేళ్ళు తడి చేతితో నలిపి వాసన చూశాకే డబ్బు ఇవ్వాలని నా సలహా.

పిలక సంచి మీద వెటివేరియా జిజానియాయిడిస్ అని అచ్చువేశారు. అది పాత పేరు. వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1771లో ఈ గడ్డిని ఫాలారిస్ అనే ప్రజాతిలో, అంటే దగ్గరి చుట్టాలైన మొక్కల గుంపులో, చేర్చాడు. 1903లో నాష్ అనే మరో శాస్త్రజ్ఞుడు దానిని వెటివేరియాలోకి తెచ్చాడు. 1960లో రాబర్టీ అనే ఇంకొకరు క్రైసోపోగాన్ ప్రజాతిలోకి మార్చారు. జిజానియా అనే నీటి గడ్డిని పోలినదన్న అర్థం గల జిజానియాయిడిస్ అన్న రెండో పేరు ఇన్ని మార్పులలోనూ నిలిచింది. ఇక వెటివేరియా అన్న మాట తమిళుల వెట్టివేరు నుంచే వచ్చింది. పేరు పాతదైనంత మాత్రాన కొనుగోలుదారుకు నష్టం లేదు. పిలక ఆరోగ్యంగా ఉంది, మూడు వారాల్లో రెండు కొత్త ఆకులు వేసింది. ఉత్తరాది అడవి రకం విత్తనం కడుతుంది. దక్షిణాదిన సాగులో ఉన్న రకం దాదాపు కట్టదు, పిలకలు చీల్చి నాటుకోవలసిందే. కాబట్టి పెరడంతా అల్లుకుపోతుందన్న భయం అక్కర్లేదు. కుండీలో మాత్రం పెట్టకండి, ఆ వేళ్ళకు లోతు కావాలి.

దుకాణదారు మర్యాదస్థుడు, కట్ట గురించి చెబితే వాదించకుండా డబ్బు వెనక్కి ఇచ్చాడు. అయితే ఈ వేళ్ళు సాగు చేసిన దుబ్బులవా, ఏటి ఒడ్డున తవ్వి తెచ్చినవా అని అడిగితే ఆయన దగ్గర సమాధానం లేదు. నాకు ఆ ప్రశ్న చాలా ముఖ్యం. వేరు కోసం దుబ్బును మొత్తంగా పెకలించాలి. సాగులో అయితే వేళ్ళు కోసుకున్నాక మొదలును పిలకలుగా చీల్చి మళ్ళీ నాటుతారు. ఒడ్డున తవ్వినవారు అలా నాటకపోతే అక్కడ మిగిలేది వదులైన మట్టి, తరువాతి వరదకు కోసుకుపోయే ఒడ్డు. వచ్చే సరుకుకు ఊరు పేరు రాయించి తెస్తానని ఆయన అన్నాడు. రాసి ఉంటే రెండో కిటికీకి కూడా తెర అక్కడే కొంటాను.