నల్గొండలో ఏసీ సర్వీసు: కడిగే పనికి నాలుగు మార్కులు, గ్యాస్ ఫిల్లింగ్‌కు రెండే

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతయంటారు. ఏసీ మెకానిక్‌లకు అంతదాకా ఆగే పని లేదు, ఏప్రిల్ నడిమికే ఫోన్లు మొదలవుతాయి. అవతలి నుంచి ఒకటే మాట: "ఏసీ నడుస్తుందన్నా, చల్లగైతే అయితలేదు." ఇవతలి నుంచీ ఒకటే జవాబు: "గ్యాస్ అయిపోయి ఉంటదన్నా, పట్టాలె. మూడువేలు అయితది." ఇంట్లో అడుగు పెట్టలేదు, ఫిల్టర్ తీయలేదు, ప్రెషర్ చూసే గేజ్ తగిలించలేదు. తీర్పు మాత్రం వచ్చేసింది.

క్లాక్ టవర్ చుట్టుపక్కల దుకాణాల మెకానిక్‌లు, కంపెనీల ఆథరైజ్డ్ సర్వీసు, బైకు మీద సంచితో కాలనీలు తిరిగేవాళ్లు... ఈ మూడు రకాల్లో ఎవరిని పిలిచినా జనరల్ సర్వీసు, అంటే కడగడం, బాగానే చేస్తారు. ఐదుకు నాలుగు. కెపాసిటర్ (మోటరు ఎత్తుకోవడానికి ఊతమిచ్చేది), కాంటాక్టర్ (పెద్ద కరెంటు స్విచ్చు), ఫ్యాన్ మోటర్ లాంటి కరెంటు పనులకూ నాలుగు ఇవ్వొచ్చు. గ్యాస్ ఫిల్లింగ్‌కు మాత్రం రెండే. చేతకాక కాదు. సీజన్‌లో రోజుకు పది ఇళ్లు తిరగాలి, సరిగా చేస్తే ఒక్క గ్యాస్ పనికే రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటలు ఎక్కడ ఎగ్గొడతారో తెలిస్తే డబ్బు ఎక్కడ పోతుందో తెలుస్తుంది.

అసలు ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోలు లాంటిది కాదు, ఖర్చయిపోదు. ఫ్రిజ్‌కు పదేళ్లయినా ఎవరూ గ్యాస్ పట్టించరు కదా, ఇదీ అంతే. మూసేసిన రాగి పైపుల్లో తిరిగే గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. "రెండేళ్లయిందిగా, తగ్గుతది మరి" అనే మాటకు అర్థం లేదు. కారే చోటు చూపించకుండా గ్యాస్ ఎక్కిస్తే, వచ్చే ఎండాకాలం బిల్లుకు ఈ ఏడే అడ్వాన్సు కట్టినట్టు.

మెకానిక్‌ను పిలిచేముందు ఓ పది నిమిషాలు మీరే చూడండి. రిమోట్‌లో మంచుపువ్వు గుర్తు, అంటే కూల్ మోడ్, ఉందా? పిల్లలు నొక్కి డ్రై మోడ్‌లోకో ఫ్యాన్ మోడ్‌లోకో మార్చిన కేసులు తక్కువేం కాదు. ఇంకోటి, 2020 జనవరి నుంచి వచ్చిన స్టార్ రేటింగ్ ఏసీలు 24 డిగ్రీల డిఫాల్ట్‌తో వస్తాయి. కొత్త ఏసీ అంతకన్నా చల్లబరచడం లేదని కంగారు పడేముందు సెట్టింగ్ చూసుకోండి. తర్వాత ఫిల్టర్ తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. అవతలి వెలుగు కనపడకపోతే సగం జబ్బు అక్కడే ఉంది.

ఆ తర్వాత కొలత. అక్వేరియంలకు వాడే వైరు థర్మామీటర్ తక్కువ ధరకే దొరుకుతుంది. ఏసీని 18లో పెట్టి, ఫ్యాన్ హైలో ఉంచి, తలుపులు మూసి పదిహేను నిమిషాలు నడపండి. ఇండోర్ యూనిట్ పైన గాలి లాక్కునే చోట ఒకసారి, కింద చల్లగాలి వదిలే చోట ఒకసారి కొలవండి. రెండింటికీ తేడా 10, 12 డిగ్రీలు ఉంటే మెషిన్ తన పని తాను చేస్తోంది. 8 దాకా ఫర్వాలేదు. 5 కన్నా తక్కువుంటే ఏదో తేడా ఉంది. 18లో పెట్టమనడానికి కారణం ఉంది. గది సెట్టింగ్‌కు దగ్గరపడితే ఇన్వర్టర్ ఏసీ కంప్రెసర్ (గ్యాస్‌ను నొక్కి తిప్పే పంపు) వేగం తగ్గిస్తుంది, అప్పుడు బాగున్న మెషిన్‌లోనూ తేడా తక్కువే కనిపిస్తుంది.

ఇక స్లాబు మీదికెక్కి ఔట్‌డోర్ దగ్గర నిలబడండి. ఫ్యాన్ తిరుగుతోంది, కంప్రెసర్ మాత్రం 'గుయ్' మని కొన్ని సెకన్లు మూలిగి 'టక్' మని ఆగిపోతోందా? అయితే గ్యాస్ మాట ఎత్తనివ్వకండి. కెపాసిటర్ పోయి ఉండాలి, లేదా వోల్టేజ్ చాలడం లేదు. 1.5 టన్ను మామూలు (ఇన్వర్టర్ కాని) ఏసీకి 35 నుంచి 50 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటుంది. దాని మీద 45 అని ఉండి మీటర్‌లో 38 చూపిస్తే అది పోయినట్టే. నెత్తిన నీడ లేకుండా స్లాబు మీద ఎండే ఔట్‌డోర్‌లో కెపాసిటర్ త్వరగా నీరసిస్తుంది. మార్చడం పావుగంట పని, గ్యాస్ ధరతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. మీరు మాత్రం చేయి పెట్టకండి, కరెంటు తీశాక కూడా కెపాసిటర్ షాక్ కొడుతుంది. వోల్టేజ్ చూడాల్సింది ఏసీ ఆఫ్‌లో ఉన్నప్పుడు కాదు, కంప్రెసర్ ఎత్తుకునే క్షణంలో. అప్పటిదాకా 215 చూపిన మీటర్ ఆ క్షణంలో 175కు పడిందంటే వైరు సన్నదో, ప్లగ్గు కాలిందో, న్యూట్రల్ లూజో. 1.5 టన్నుకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, విడి లైను ఉండాలి.

కంప్రెసర్ నడుస్తూ ఫ్యాన్ తిరగకపోతే, వేడి బయటికి పోక కంప్రెసర్ కాసేపటికి ట్రిప్ అవుతుంది. రెండూ కదలకపోతే అది బోర్డు సంగతి కావొచ్చు, ఇన్వర్టర్ అయితే డిస్‌ప్లే మీద ఎర్రర్ కోడ్ కూడా ఉండొచ్చు. ఫొటో తీసి ఉంచండి.

రెండూ నడుస్తున్నాయి, చల్లదనం మాత్రం లేదు. అసలు గొడవ ఇక్కడే. దుమ్మా, గ్యాసా?

మన దగ్గర ముందు దుమ్మునే అనుమానించాలి. మిర్యాలగూడ వైపు రైసు మిల్లుల ఊక బూడిద, క్రషర్ల పక్కన రాతి పొడి, రోడ్ల మీది ఎర్రదుమ్ము, అన్నీ వెళ్లి ఔట్‌డోర్ వెనక కాయిల్ (వేడి వదిలే పైపుల చట్రం) రెక్కల మధ్యే కూర్చుంటాయి. ముందు నుంచి చూస్తే తళతళలాడుతుంది, వెనక్కి వెళ్లి చూస్తే కంబళి కప్పినట్టుంటుంది. ఇలాంటప్పుడు క్లాంప్ మీటర్ (వైరుకు తగిలించి కరెంటు కొలిచేది) పెడితే కరెంటు మామూలుకన్నా ఎక్కువ చూపిస్తుంది. నేమ్‌ప్లేట్ (యూనిట్ మీది వివరాల రేకు) మీద 7.5 ఆంపియర్లు ఉంటే 9 దాటొచ్చు. గ్యాస్ తగ్గితే దీనికి ఉల్టా, 4, 5 ఆంపియర్లకు పడిపోతుంది. ఈ ఒక్క కొలతతోనే సగం తేలిపోతుంది, కానీ అడిగితే తప్ప క్లాంప్ మీటర్ సంచిలోంచి బయటికి రాదు.

కడిగేటప్పుడు ఏ నీళ్లు వాడుతున్నారో చూడండి. నల్గొండ బోరు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. ఏసీకి మాత్రం పేచీ ఆ నీళ్లలోని ఉప్పుతో, సున్నంతో. ఎండకు కాగిన కాయిల్ మీద బోరు నీళ్లు కొడితే నీరు ఆవిరై, గీజర్ రాడ్‌కు పట్టినట్టు తెల్లపొర మిగులుతుంది. అది రెండు మూడేళ్లలో రెక్కల్ని పూడ్చేస్తుంది. నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లు ఒక డ్రమ్ము పట్టి ఉంచండి, పొద్దున్నే కాయిల్ చల్లగా ఉన్నప్పుడు కడిగించండి. జెట్ పంపు రెక్కలకు నిటారుగా, కాస్త దూరం నుంచి కొట్టాలి. పక్కవాటుగా కొడితే రెక్కలు వంగి గాలి దారి మూసుకుపోతుంది. "యాసిడ్ కొడితే కొత్తదానిలా అయితది" అంటే వద్దనండి. మెరిసేది నిజమే, కానీ ఆ మెరుపు అల్యూమినియం కరిగి వచ్చింది.

ఇండోర్‌లో ఫిల్టర్‌తో ఆపేసేవాళ్లూ ఉంటారు. బ్లోయర్ చక్రం రెక్కల్లో నల్లటి మడ్డి పేరుకుంటే గాలి సగానికి పడిపోతుంది. కాయిల్ కడిగి బ్లోయర్‌ను వదిలేస్తే ఆ సర్వీసుకు మూడు మార్కులే.

ఇప్పుడు గ్యాస్. ఔట్‌డోర్ పక్కన రెండు పైపులు కలిసే వాల్వులు ఉంటాయి, ఒకటి సన్నది, ఒకటి లావుది. స్ప్లిట్ ఏసీల్లో చాలామటుకు గ్యాస్ ప్రెషర్ తగ్గించే భాగం ఔట్‌డోర్‌లోనే ఉంటుంది కాబట్టి, బాగున్న ఏసీలో రెండు పైపులూ చల్లగా ఉండి, లావు వాల్వు మీద చెమట బొట్లు కారుతుంటాయి. గ్యాస్ తగ్గితే సన్న వాల్వు మీద తెల్లటి మంచు పేరుకుంటుంది, లావుది మాత్రం పొడిగా, గోరువెచ్చగా ఉంటుంది. ఇండోర్ కాయిల్ చూసినా తెలుస్తుంది: గ్యాస్ లోపిస్తే ఒక మూల మాత్రమే మంచు కడుతుంది, గాలి ఆడకపోతే కాయిల్ అంతా గడ్డకడుతుంది. గేజ్ లేకుండానే ఇంత తెలుస్తుంది.

గేజ్ పెట్టాక జరిగే మాయ ఒకటుంది. ఏసీ ఆపి ఉన్నప్పుడు ప్రెషర్ చూపించి "చూడండి, ఎంతుందో" అంటారు. ఆగి ఉన్న మెషిన్‌లో ఆ అంకె చెప్పేది గ్యాస్ ఎంతుందో కాదు, బయట ఎండ ఎంతుందో. లోపల ద్రవం కొంచెం మిగిలున్నా చాలు, 35 డిగ్రీల దగ్గర ఆర్32 (కొత్త ఏసీల గ్యాస్) సుమారు 300 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత), ఆర్22 (పాత ఏసీల గ్యాస్) సుమారు 180 చూపిస్తాయి. చూడాల్సింది నడుస్తున్నప్పుడు. మామూలు ఏసీలో ఆర్22 అయితే 60 నుంచి 75, ఆర్32, ఆర్410ఏ అయితే 120 నుంచి 150 మధ్య ఉండాలి. ఇన్వర్టర్‌కు ఈ లెక్క కూడా నమ్మకం లేదు, కంప్రెసర్ వేగంతో పాటు సూదీ ఆడుతుంది. దానికి ఒకటే దారి: ఉన్న గ్యాస్‌ను రికవరీ సిలిండర్‌లోకి తీసి, నేమ్‌ప్లేట్ మీద రాసినంత కాటా మీద తూచి ఎక్కించడం. నేమ్‌ప్లేట్‌లో 0.72 కిలో అని ఉంటే 720 గ్రాములే. పైపు పొడవు కంపెనీ చెప్పిన హద్దు దాటితే మీటరుకు ఇంతని మాన్యువల్ ప్రకారం కలపాలి. కాటా తేని మెకానిక్‌తో ఇన్వర్టర్ గ్యాస్ పని చేయించకండి.

ప్రెషర్ తక్కువ ఉన్నంత మాత్రాన లీకే అనుకోవద్దు. క్యాపిలరీ (గ్యాస్ ప్రెషర్ తగ్గించే సన్న గొట్టం) పూడుకుపోయినా గేజ్ సూది పడిపోతుంది. అప్పుడు గ్యాస్ కాస్త ఎక్కించినా లేవదు, ఏసీ ఆపాక ప్రెషర్ మెల్లిగా, చాలాసేపటికి గానీ పైకి రాదు. దాన్ని గ్యాస్ తక్కువని పొరబడి ఇంకా ఎక్కిస్తే కంప్రెసర్ మీదికొస్తుంది.

లీక్ ఎక్కువగా దొరికేది ఫ్లేర్ నట్ల (వెడల్పు చేసిన పైపు మూతిని బిగించే నట్లు) దగ్గరే. నట్టు కింద నూనె జిడ్డు, దానికి అంటుకున్న నల్లటి దుమ్ము ఉంటే అక్కడ సబ్బు నురగ పెట్టమనండి. బుడగ మెల్లగా ఉబ్బుతుంది, దాన్ని ఫోన్‌లో వీడియో తీసుకోండి. బిగించగానే ఆగితే అదృష్టం, చాలాసార్లు పైపు మూతి పగిలి ఉంటుంది, కోసి కొత్త ఫ్లేర్ వేయాలి. తర్వాత లీక్ ఆగిందో లేదో చూడటానికి నైట్రోజన్ 300 నుంచి 400 పీఎస్‌ఐ దాకా ఎక్కించి అరగంట ఉంచాలి. నైట్రోజన్ లేదని ఆక్సిజన్ వాడబోతే వెంటనే ఆపండి. లోపలి నూనెతో ఆక్సిజన్ కలిస్తే కంప్రెసర్ పేలుతుంది, ఇది మాటవరసకు అనేది కాదు. ఆ తర్వాత లోపలి గాలి, తేమ లాగేసే వాక్యూమ్ పంపు కనీసం అరగంట నడవాలి, పంపు ఆపాక పది పదిహేను నిమిషాలు సూది కదలకూడదు. ఈ వాక్యూమే అందరూ ఎగ్గొట్టేది. కొంచెం గ్యాస్ వదిలి దాంతోనే గాలిని బయటికి తోసేస్తారు. లోపల మిగిలిన తేమ కొత్తరకం గ్యాస్‌లకు వాడే నూనెలో కలిసి ఆమ్లంగా మారి, మెల్లగా కంప్రెసర్ వైండింగ్‌ను తినేస్తుంది. ఏసీ ఆ వారం చల్లగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఇరవై నిమిషాల్లో "అయిపోయిందన్నా" అంటే పైపైన ఎక్కించారని అర్థం, దానికి పూర్తి గ్యాస్ ధర ఇవ్వక్కర్లేదు.

ఎవరిని పిలవాలంటే, వారంటీలో ఉంటే కంపెనీ వాళ్లనే. నాలుగైదు రోజులు ఆగాల్సొచ్చినా సరే, బయటివాళ్లు పైపు విప్పితే వారంటీ పేచీ వస్తుంది. పదేళ్ల కంప్రెసర్ వారంటీ చూసి మురిసిపోకండి, చాలా కార్డుల్లో గ్యాస్, కూలీ అందులో ఉండవు. వారంటీ దాటిన మామూలు ఏసీకి ఊళ్లో దుకాణం ఉన్న మెకానిక్ మేలు, మళ్లీ పోయి అడగడానికి ఒక గడప ఉంటుంది. ఆర్290 గ్యాస్ ఏసీలకు మాత్రం కంపెనీ తప్ప ఎవరూ వద్దు, అది వంటగ్యాస్ జాతిదే, మంటకు దగ్గర పెట్టే పని కాదు.

ఇంకో మాట, మెకానిక్‌ల తరఫున. ఏసీల కెపాసిటీ కొలిచేది బయట 35 డిగ్రీలున్నప్పుడు. నల్గొండలో మే నెల మధ్యాహ్నం 44 దాటి, పైన ఎండకు కాలే స్లాబు, పడమటి గోడ ఉన్న గదిలో 1.5 టన్ను నాలుగింటికి 27 దగ్గర ఆగిపోతే అది రిపేరు కాదు. రాత్రి పదికి అదే ఏసీ 23కు తెస్తే మెషిన్ బాగున్నట్టే. గ్యాస్‌కు పెట్టే డబ్బుతో స్లాబుకు తెల్ల కూల్‌రూఫ్ పెయింట్ రెండు పూతలు వేయించండి, ఔట్‌డోర్‌కు నీడ కట్టండి. నీడ పేరుతో డబ్బాలా మూసేయొద్దు, ముందు వైపు వేడిగాలి పోవడానికి చోటు వదలాలి.

బిల్లు మీద నాలుగు సంగతులు రాయించుకోండి: లీక్ దొరికిన చోటు, గ్యాస్ రకం, ఎన్ని గ్రాములు, పని అయ్యాక ఆంపియర్లు. మూడు నెలల్లో మళ్లీ తగ్గితే ఉచితమని సంతకం పెట్టేవాళ్లు ఉన్నారు, వాళ్లకే పని ఇవ్వండి. ఇండోర్ కాయిల్‌లోనే లీక్ రెండోసారి వస్తే, ఏసీ ఎనిమిదేళ్లు దాటిన ఆర్22ది అయితే, అతుకులు వేయించడం మానేసి పాతదాన్ని ఎక్స్‌చేంజ్‌కు ఇచ్చేయండి.