హనుమకొండలో బండి లేకుండా ఉండాలంటే ఏ పేటలో ఇల్లు చూడాలి

హనుమకొండలో కాలేజీకి నడిచి వెళ్లేంత దగ్గర్లో గది కావాలనుకునేవాళ్లు ముందు ఫోన్‌లో మ్యాప్ చూస్తారు. మోసం అక్కడే మొదలవుతుంది. నిట్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ) ఆవరణే దాదాపు 250 ఎకరాలు. మ్యాప్‌లో కాలేజీ గుర్తు ఆ ఎకరాల మధ్యలో ఎక్కడో పడుతుంది. ఇల్లు ప్రహరీకి ఆనుకుని ఉన్నా, లోపలికి పోవాలంటే గేటు దాకా చుట్టు తిరగాల్సిందే. కాకతీయ యూనివర్సిటీదీ అదే తంతు. "కేయూకి దగ్గర" అని బోర్డు పెట్టిన ఇల్లు ఫస్ట్ గేటుకు దగ్గరా, సెకండ్ గేటుకు దగ్గరా, గేటు దాటాక మీ డిపార్ట్‌మెంటు ఇంకెంత దూరం అన్నది ఎవరూ చెప్పరు. ఇంటి గుమ్మం నుంచి క్లాసు గుమ్మం దాకా ఒకసారి నడిచి చూసుకున్న నిమిషాలనే నమ్మాలి. ఈ పేటల్లో ఏళ్ల తరబడి అద్దెకుండి, నడిచి తేల్చుకున్న లెక్కలే కింద రాస్తున్నాను.

చల్లటి పొద్దున చదును రోడ్డు మీద కిలోమీటరుకు 12 నిమిషాలు పడుతుంది. భుజాన సంచి, మధ్యలో మెయిన్ రోడ్డు దాటడం కలిస్తే 15. మధ్యాహ్నం అన్నానికి గదికి వచ్చేవాళ్లకు రోజుకు నాలుగు నడకలు. అంటే ఇల్లు కిలోమీటరున్నర దూరంలో ఉంటే రోజుకు ఆరు కిలోమీటర్లు. డిసెంబరులో హాయిగానే ఉంటుంది కానీ ఏప్రిల్ చివర్లో మధ్యాహ్నం రెండింటికి ఆ దూరం ఎవరి వల్లా కాదు. నాలుగు నడకలవాళ్లు 800 మీటర్లు దాటకూడదు. పొద్దున పోయి సాయంత్రం వచ్చేవాళ్లు కిలోమీటరున్నర దాకా చూసుకోవచ్చు.

నిట్ వైపు అయితే మొదటి మాట ఫాతిమానగర్. నిట్ పిల్లలు ఎక్కువమంది హాస్టల్‌లోనే ఉంటారు కాబట్టి ఇక్కడ ఇళ్లు వెతికేది కుటుంబం ఉన్న రీసెర్చ్ స్కాలర్లు, ప్రాజెక్టు స్టాఫ్, చిన్న ఉద్యోగులు. ఇక్కడ చూడాల్సింది ఒక్కటే: ఇల్లు రైల్వే బ్రిడ్జికి ఏ పక్కన ఉంది? బ్రిడ్జికి ఇటు, ఫాతిమానగర్ పక్కన ఉంటే నిట్‌కు నడక సులువు. అటు, కాజీపేట జంక్షన్ పక్కన ఉంటే రోజూ ఆ ఇరుకు బ్రిడ్జి ఎక్కి దిగాలి. బస్సూ లారీ ఎదురైతే నడిచేవాడికి పిట్టగోడను ఆనుకుని నిలబడే చోటే మిగులుతుంది. మ్యాప్‌లో తేడా కొన్ని వందల మీటర్లే కానీ నడకలో అది రెండు ఊళ్లంత తేడా. రైలెక్కి ఇంటికి పోయే రోజులు నెలకు రెండు ఉంటాయేమో, క్లాసులుండే రోజులు ఇరవైకి పైనే. స్టేషన్ దగ్గరన్న ఆశతో అటు పక్కన తీసుకోకండి.

సుబేదారి నాకు బాగా నచ్చిన పేట. ఆర్ట్స్ కాలేజీ, కలెక్టరేట్, అదాలత్ అన్నీ అక్కడక్కడే. వెనక గల్లీల్లో పాత చెట్లు మిగిలున్నాయి, పొద్దున తొమ్మిదికి కూడా నీడ దొరుకుతుంది. జిరాక్సు, మెస్సు, మందుల షాపు, కిరాణం అన్నీ ఐదు నిమిషాల్లో అందుతాయి. కాజీపేట, హనుమకొండ చౌరస్తా, రెండు వైపులకూ షేర్ ఆటోలు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి నడవలేని రోజున ఇబ్బంది ఉండదు. లోటేమిటంటే ఇళ్లు తక్కువ, అద్దె ఎక్కువ. పెళ్లికానివాళ్లకు పోర్షన్ ఇచ్చేవాళ్లు మరీ తక్కువ. టులెట్ బోర్డు పడిన రెండు మూడు రోజుల్లోనే నిండిపోతుంది. ఇక్కడ ఇంటర్నెట్‌లో వెతికి లాభం లేదు, సాయంత్రాలు గల్లీలు తిరగాల్సిందే.

నయీంనగర్, కిషన్‌పుర మాట వేరు. ఇంటర్ కాలేజీలు, హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు కిక్కిరిసిన దారి అది. ఇడ్లీ బండి నుంచి పాత పుస్తకాల దాకా కాలు బయట పెడితే దొరుకుతాయి. కేయూ క్రాస్ రోడ్డు కిలోమీటరు అటూ ఇటూ. కరీంనగర్ వైపు బస్సులన్నీ ఈ రోడ్డు మీదే పోతాయి. 2023 డిసెంబరు 9 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం కాబట్టి ఆడపిల్లలు కాలేజీ గేటుతో పాటు బస్టాప్ దూరం కూడా కొలుచుకుంటే మంచిది. ఆధార్ కార్డు సంచిలో ఉండాలి. మెయిన్ రోడ్డు మీద మాత్రం ఇల్లు తీసుకోవద్దు. కాలేజీ బస్సుల హారన్లు పొద్దున ఆరింటికే మొదలవుతాయి. ఒకటి రెండు గల్లీలు లోపలికి పోతే చాలు, ఆ మోత సగానికి సగం తగ్గుతుంది.

ఇక్కడ అన్నిటికన్నా పెద్ద సంగతి నాలా, అంటే వాన నీళ్లు పోయే పెద్ద కాలువ. 2020 ఆగస్టులో, 2023 జూలైలో నయీంనగర్ నాలా పొంగి ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. సమ్మయ్యనగర్ రెండుసార్లూ మునిగింది. నాలాకు దగ్గరున్న ఇళ్లు అద్దెలో చవగ్గా ఉండటానికి అదే కారణం. ఇంటాయన్ని అడిగితే "అంతా బాగైపోయింది" అంటాడు, కాబట్టి గోడల్ని చూడండి. కొత్త సున్నం వేసినా మెట్ల కింద, బాత్‌రూం వెనక, ప్రహరీ లోపలి వైపు బురద గీత అడ్డంగా మిగిలిపోతుంది. నేల నుంచి గీత దాకా జానతో కొలవండి. కరెంటు మీటరు మామూలుకన్నా ఎత్తులో, కొత్త చెక్క మీద బిగించి ఉందా? గేటు దగ్గర రెండు మూడు వరసల ఇటుకలతో కొత్తగా కట్ట పోశారా? నీళ్ల మోటారు సంపు పక్కన కాకుండా మెట్ల మీదికి ఎక్కిందా? ఈ మూడింటిలో రెండు కనిపిస్తే కింది పోర్షన్ వద్దు, పై అంతస్తయితే ఆలోచించండి. మూల మీది కిరాణం కొట్టులో ఒక మాట అడగండి. "నీళ్లొస్తయా" అంటే లేదనే చెప్తారు. "అన్నా, వానాకాలం ఈ గల్లీల నీళ్లు ఎంతదాక వస్తయి?" అనడగండి, చెయ్యి పెట్టి చూపిస్తారు.

విద్యారణ్యపురి, కేయూ క్రాస్ రోడ్డు పక్క కాలనీలు చదువుకునేవాళ్లకు నెమ్మదైన చోట్లు. యూనివర్సిటీ ఆవరణలో చెట్లున్నాయి, గాలి బాగుంటుంది. కోతుల బెడద మాత్రం నిజం. కిటికీలకు జాలీ లేని గది ఎంత చవకైనా ఒప్పుకోవద్దు, వంట సామాను మిగలదు. వంద ఫీట్ల రోడ్డు మీద కొత్త అపార్ట్‌మెంట్లు చూడటానికి ముచ్చటగా ఉంటాయి. అవి బండి ఉన్నవాళ్లవి. వాహనాలు జోరుగా పోయే ఆ రోడ్డు దాటడానికే గుండె ధైర్యం కావాలి, ఉప్పు ప్యాకెట్టుకు కూడా దూరం పోవాలి. బాలసముద్రం, నక్కలగుట్ట, కుమార్‌పల్లి బజారుకూ బస్టాండుకూ దగ్గర. కోచింగ్‌కు వచ్చినవాళ్లకు సరిపోతాయి, కేయూ రోజూ నడిచేవాళ్లకు దూరం.

ఇల్లు ఖాయం చేసేముందు ఒకే దారిని నాలుగు వేళల్లో నడవండి. పొద్దున తొమ్మిదికి రోడ్డు దాటడానికి ఎంత సేపు నిలబడాలో తెలుస్తుంది. మధ్యాహ్నం రెండింటికి నీడ ఎక్కడ తెగిపోతుందో తెలుస్తుంది. రాత్రి తొమ్మిదిన్నరకు వీధి దీపాలు ఎన్ని వెలుగుతున్నాయో లెక్కపెట్టండి. కుక్కల గుంపు ఏ మలుపు దగ్గర ఉంటుందో కూడా అప్పుడే బయటపడుతుంది, లైబ్రరీ నుంచి ఆలస్యంగా వచ్చేవాళ్లకు ఇది చాలా ముఖ్యం. నాలుగోది, వాన వెలిసిన గంటకు. డివైడర్ ఉన్నచోట, దాటడానికి సందు మీ గల్లీకి ఎదురుగా ఉందా లేదా చూడండి. లేకపోతే ఆ సందు దాకా పోయి వచ్చే దూరం కూడా మీ నడకలో కలపాలి. కలపకపోతే వారం తిరక్కుండానే డివైడర్ ఎక్కి దూకడం అలవాటైపోతుంది. ప్రమాదాలు జరిగేది అలాగే.

నడక దూరంలో దొరికే ఇళ్లు ఎక్కువగా పాతవి, ఒకే ఇంటిని రెండు మూడు పోర్షన్లుగా విడగొట్టినవి. అందుకే మీటరు సంగతి తేల్చుకోకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన టారిఫ్ ప్రకారం విడి మీటరు మీద నెలకు 90 యూనిట్లు కాలిస్తే మొదటి 50కి యూనిట్ 1.95 చొప్పున, మిగతా 40కి 3.10 చొప్పున 221 రూపాయల 50 పైసలు. అవే 90 యూనిట్లు కాల్చే రెండు పోర్షన్లు ఒకే మీటరు మీద ఉంటే మొత్తం 180 అవుతుంది. అప్పుడు స్లాబే మారిపోయి మొదటి 100కి 3.40, మిగతా 80కి 4.80 చొప్పున 724 రూపాయలు, అంటే పోర్షన్‌కు 362. మిగతా చార్జీలు వేరే. సబ్‌మీటరు పెట్టి ఇంటాయన "యూనిట్‌కు ఎనిమిది" అంటే బిల్లు చూపించమని మర్యాదగానే అడగండి: "అంకుల్, పోయిన మూడు నెలల బిల్లులు ఒకసారి చూపిస్తారా?" ఇచ్చే మనసున్న ఇంటాయన ఈ మాటకు నొచ్చుకోడు.

నల్లా ఏ వేళకు వస్తుంది, సంపు ఎంత లోతు, ఎండాకాలం బోరు ఆగిపోతే ట్యాంకరు డబ్బు ఎవరిది అన్నవి కూడా అప్పుడే మాట్లాడుకోవాలి. ఒప్పందం 11 నెలలకు రాసుకోవడం మామూలే. అందులో అడ్వాన్సు ఎంతో, ఖాళీ చేసేటప్పుడు సున్నం ఖర్చు ఎంత పట్టుకుంటారో అంకెల్లో రాయించండి. సాధ్యమైతే ఆగస్టులోనే ఇల్లు చూడండి. మేలో చూసినవాళ్లకు అన్ని గల్లీలూ పొడిగానే కనిపిస్తాయి.