చీనీ (బత్తాయి) మండీ పనిలో ప్లాంట్‌యూఎంఎల్: ఏళ్లుగా వాడినాక నా రివ్యూ

అనంతపురంలో మండీలకి, షాపులకి సాఫ్ట్‌వేర్ చేసిచ్చే పని మాది. కస్టమరుకి ఏం కావాలో రాసుకోడానికి ఏళ్లుగా ప్లాంట్‌యూఎంఎల్ అనే డయాగ్రామ్‌లు గీసే టూలే వాడుతున్నా. ఫ్రీ, ఓపెన్ సోర్స్, జావా ఉంటే చాలు, మౌసు పట్టుకుని డబ్బాలు జరిపే బాధ లేదు, టెక్స్ట్ కొడితే బొమ్మ అదే గీసిస్తుంది. ఫైలు ఉట్టి టెక్స్టే కాబట్టి గిట్‌లో (ఫైళ్ల పాత వెర్షన్లు దాచిపెట్టే టూలు) పడేస్తే పోయిన నెలకీ ఇప్పటికీ ఏం మారిందో లైను లైను కనపడుతుంది, "మేం ఇట్ల చెప్పలేదే" అనే గొడవ సగం అక్కడే తెగిపోతుంది.

యూజ్ కేస్ డయాగ్రామ్ (సిస్టమ్‌తో ఎవరు ఏ పని చేస్తారో చూపే బొమ్మ, ఒక్కో పని ఒక గుడ్డు ఆకారం) మాత్రం దాని పనికి మించి వాడొద్దు. రైతు, కమీషన్ ఏజెంటు, వ్యాపారి, గుమాస్తా అని పుల్లల మనుషుల్ని పెట్టి ఒక సావుకారికి చూపిస్తే "ఏందప్పా ఈ కోడిగుడ్లు" అన్నాడు, కానీ "హమాలీలు యాడ? వాళ్ల కూలి ఎవరు రాస్తారు?" అని పట్టుకుంది కూడా ఆయనే. ఎవరెవరున్నారు, ఏది మన సిస్టమ్‌లోకొస్తుంది, ఏది రాదు, అంతే. ఇంక్లూడ్ (అసలు పనిలో ఎప్పుడూ భాగమయ్యే పని) బాణం అసలు కేసు నుంచి బయటికి పోతుంది, ఎక్స్‌టెండ్ (అప్పుడప్పుడు అదనంగా వచ్చే పని) బాణం అసలు కేసు వైపు వస్తుంది, ఇది ఎన్నిసార్లు చెప్పినా టీములో ఎవరో ఒకరు తిప్పి గీస్తారు, అందుకే నేను ఇంక్లూడ్ అరుదుగా వాడతా, ఎక్స్‌టెండ్ అసలే వాడను. ఈ యూజ్ కేసుల ఐడియా తెచ్చిన ఇవార్ జాకబ్సన్ 1987లో వాటి మీద పేపరిచ్చాడు, ఈ బొమ్మలు గీసే పద్ధతి యూఎంఎల్ స్టాండర్డ్ అయింది 1997లో, అంటే బొమ్మల కంటే ఐడియా ముందుది. అసలు సరుకు ఆ గుడ్డు కింద మనం రాసుకునే మామూలు దారిలో, అది తప్పితే ఏంటి అనే దారుల్లో ఉంటుంది.

యాక్టివిటీ డయాగ్రామ్ (పని ఏ వరసలో నడుస్తుందో చూపే బొమ్మ) వేరే లెవెల్. నిలువు గీతల మధ్య గుమాస్తా అని రాస్తే ఆయన స్విమ్‌లేన్ (ఆయన పనులన్నీ ఉండే నిలువు వరస) రెడీ. తూకం అయినాక బిల్లు అని పేరాలో రాసినపుడు అందరూ సరే అన్నారు, బొమ్మలో తూకం డబ్బాకీ బిల్లు డబ్బాకీ మధ్య సూట్ (తరుగు కింద తగ్గించే బరువు) ఎక్కడ తీస్తారని అడిగితే ఒకే మండీలో ఇద్దరు గుమాస్తాలు రెండు చోట్ల వేలు పెట్టారు, ఒకాయన తూకం చీటీలోనే తీసేసి రాస్తాడంట, ఇంకొకాయన బిల్లులో తీస్తాడంట. ఆ రోజే మొత్తం బరువు, సూట్ పోను బరువు వేర్వేరు కాలమ్‌లు పెట్టేశాం. లోడింగూ బిల్లూ పక్కపక్కనే నడుస్తాయి, రెండూ అయితేనే లారీ కదలాల, అట్లాంటి చోట ఇఫ్ (ఇదో అదో ఒక దారే) కాదు, ఫోర్క్ (రెండు దారులూ ఒకేసారి) పెట్టాల.

మైనస్‌లూ ఉన్నాయి. యూజ్ కేస్ బొమ్మలో ఏది ఎక్కడ కూర్చోవాలో గ్రాఫ్‌విజ్ (ప్లాంట్‌యూఎంఎల్ వెనక బొమ్మని అమర్చే ప్రోగ్రాము) ఇష్టం, ఇరవై గుడ్లు దాటితే బాణాలు సాలెగూడే, 'లెఫ్ట్ టు రైట్ డైరెక్షన్' అని ఒక లైను రాస్తే కొంచెం నయం. యాక్టివిటీ బొమ్మల కొత్త సింటాక్స్‌కి (టెక్స్ట్ రాసే పద్ధతికి) గ్రాఫ్‌విజ్ అక్కర్లేదు. తెలుగు లేబుళ్లు పెట్టేవాళ్లు మెషీన్లో నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంటు వేసుకుని దాని పేరు ఫైల్లో ఇవ్వండి, లేకపోతే అక్షరాల బదులు డబ్బాలొస్తాయి. సావుకారి గోడకి అంటించే ప్రింటు అయితే నేనిప్పటికీ మౌసుతో గీసే డ్రా.ఐఓలోనే గీసిస్తా.